ఐదింటికి పాలొస్తాయి

మధ్యాహ్నం 3:40. చిత్తూరు జిల్లాలో ఒక పాల సొసైటీ గది. బల్క్ కూలర్ మోటారు రొద చేస్తోంది, పొద్దున కడిగిన నేల మూలల్లో ఇంకా ఆరలేదు. గోడకు బిగించిన చిన్న పెట్టె రాస్‌ప్‌బెర్రీ పై 4. అందులో 32 జీబీ మెమరీ కార్డు. కూలర్ ఉష్ణోగ్రత సెకనుకోసారి, రైతు పోసిన లీటర్లు, వెన్న శాతం పూటకోసారి, అన్నీ ఆ కార్డు మీది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకే చేరతాయి. ఉష్ణోగ్రత చూపే బోర్డు మీద అంకె మాత్రం మధ్యాహ్నం నుంచి కదల్లేదు.

“ఐదింటికి పాలొస్తాయమ్మా,” అంటున్నాడు సెక్రటరీ.

“చూస్తున్నానన్నా.”

లాప్‌టాప్ ముందు కూర్చున్న అమ్మాయి భుజం మీదుగా చూద్దాం. డిస్కులో ఎంత నిండిందో అడిగింది. నూటికి నూరు. సర్వర్ లాగులో ఆఖరి వరుస చెబుతోంది: వాల్ ఫైలు రాయడానికి చోటు లేదు. పోస్ట్‌గ్రెస్ ఏ మార్పునైనా ముందు వాల్‌లో రాసుకుంటుంది, ఆ తర్వాతే టేబుల్ ఫైళ్లలోకి దించుతుంది. ఆ మొదటి రాత కుదరనప్పుడు తప్పుడు లెక్కతో నడవడం కంటే ఆగిపోవడమే మేలని ఆగిపోతుంది. నా దృష్టిలో అది నమ్మదగిన గుణం.

పీజీ వాల్ ఫోల్డర్ తెరిచింది. ఒక్కోటి 16 ఎంబీ, వందల ఫైళ్లు, మొత్తం 11 జీబీ.

“అవి తీసేస్తే సరిపోదా?”

“తీస్తే మళ్లీ లేవకపోవచ్చన్నా. మన లెక్కలన్నీ పోతాయి.”

ఆమె చెయ్యి అటు పోలేదు. ఇదే కంగారులో చాలామంది ఆ ఫోల్డర్‌ను ఉత్త లాగు అనుకుని చెరిపేసేవారు. అందుకే 2017లో పదో వెర్షన్ వచ్చినప్పుడు పీజీ ఎక్స్‌లాగ్ అన్న పాత పేరునే మార్చేశారు.

ముందు సర్వర్ లేవాలి. ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్ మామూలుగా నూటికి ఐదు వంతులు రూట్ యూజర్ కోసం దాచి ఉంచుతుంది. పోస్ట్‌గ్రెస్ రూట్‌గా నడవదు కాబట్టి ఆ చోటు దానికి అందదు. ఆమె ఐదును ఒకటి చేసింది. ఒక జీబీకి పైనే ఖాళీ దొరికింది, ఒక్క ఫైలు కూడా చెరపకుండా. సర్వర్ వాల్ చదువుకుంటూ, సగంలో తెగిన పనిని సరిచేసుకుంటూ లేచింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. వాల్ పరిమితి మామూలుగా ఒక జీబీ, మరి 11 ఎలా అయింది? రెప్లికేషన్ స్లాట్ల జాబితాలో ఒకే ఒక్క వరుస ఉంది, అదీ పనిలో లేనిది. ఎప్పుడో ఆఫీసు కంప్యూటర్‌లో రెండో ప్రతి పెట్టుకున్నారు. ఆ కంప్యూటర్ తీసేశారు, స్లాట్ తీయలేదు. ఆ రెండో ప్రతి వచ్చి అడుగుతుందని పోస్ట్‌గ్రెస్ ప్రతి ఫైలూ దాచిపెడుతూ వచ్చింది. స్లాట్ తీసేసి, మార్పులన్నీ ఇప్పుడే టేబుల్ ఫైళ్లలోకి దించమని చెక్‌పాయింట్ ఇచ్చింది. పదికి దగ్గరగా జీబీలు వెనక్కి వచ్చాయి. ఇకమీదట ఏ స్లాటూ ఒక జీబీ దాటి పట్టుకోకుండా హద్దు పెట్టింది. పదమూడో వెర్షన్ నుంచి ఆ వీలుంది.

సమయం 4:15. టేబుళ్లను సైజు వారీగా అడిగింది. ‘ప్రస్తుత స్థితి’ అనే టేబుల్ 3 జీబీ. అందులో ఉన్నది ఒకే ఒక్క వరుస!

ఆ వరుస సెకనుకోసారి మారుతుంది. పోస్ట్‌గ్రెస్ పాతదాని మీద రాయదు, కొత్తది పక్కన రాసి పాతదాన్ని వదిలేస్తుంది. 1980ల్లో బర్క్‌లీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ బృందం మొదలుపెట్టిన నాటి నుంచీ దాని పద్ధతి అదే. రోజుకు 86,400 చచ్చిన వరుసలు. వాటిని వాక్యూమ్ తుడవాలి. కానీ అంతకంటే ముందు మొదలైన ట్రాన్సాక్షన్ ఇంకా తెరిచి ఉంటే తుడవలేదు. ఆ ఒక్క వరుస కోసం బోర్డు ప్రతిసారీ 3 జీబీ వెతికింది. నెలలుగా అది నత్తనడక నడుస్తోంది అందుకే.

అలా తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్ ఎవరిదో దొరికింది. బోర్డు పైథాన్ ప్రోగ్రామే. మొదలైనప్పుడు ‘వెలిగాను’ అని ఒక వరుస రాసి, కమిట్ చేయడం మరిచింది. సైకోపీజీ2లో ఆటోకమిట్ మనం అడిగితే తప్ప ఉండదు. ఒక్క లైను చేర్చింది.

తర్వాత వాక్యూమ్ ఫుల్. కదల్లేదు. ఆ టేబుల్ మీద పాత బోర్డు ప్రోగ్రామ్ తాళం ఇంకా ఉంది. దాన్ని ఆపాక కాసేపట్లో 3 జీబీ ఒక్క 8 కేబీ పేజీ అయింది. రీడింగుల పెద్ద టేబుల్‌ను మాత్రం ఇలా ముట్టుకోలేదు. వాక్యూమ్ ఫుల్ టేబుల్‌ను కొత్తగా రాస్తుంది, రాసినంతసేపూ రెండు ప్రతులకూ చోటు కావాలి. అక్కడ వేరే దారి పట్టింది. రీడింగులు కాలక్రమంలోనే పడతాయి కాబట్టి బీ-ట్రీ ఇండెక్స్ బదులు బ్రిన్. 128 పేజీలకు కలిపి మొదటి సమయం, చివరి సమయం రాసుకుంటే దానికి చాలు. ఏడాది రీడింగులు మూడు కోట్ల పైచిలుకు. ఆరేడు వందల ఎంబీల ఇండెక్స్ పోయి, ఒక ఎంబీ కూడా లేనిది వచ్చింది.

ఇక రాతలు తగ్గించాలి. చెక్‌పాయింట్ తర్వాత ఏ పేజీని మొదటిసారి ముట్టుకున్నా పేజీ మొత్తం వాల్‌లోకి వెళ్తుంది. చెక్‌పాయింట్ల మధ్య ఐదు నిమిషాల ఎడాన్ని ముప్పై చేసింది. సెన్సర్ యూజర్‌కు మాత్రమే సింక్రనస్ కమిట్ ఆపింది. కరెంటు పోతే సెకను లోపు రీడింగులు పోవచ్చు, పోనీ. రైతు పాల వరుసకు అలా కుదరదు. అది కార్డు మీద పడ్డాకే తూకం యంత్రం చీటీ ఇవ్వాలి. రాసింది నిజంగా కార్డు మీదకు చేరేలా చూసే ఎఫ్‌సింక్ జోలికి అసలు పోలేదు. వేగం కోసం దాన్ని ఆపమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఎప్పుడు కరెంటు పోతుందో తెలియని ఊళ్లో ఆ సలహా డేటాబేస్‌నే పాడుచేస్తుంది.

“అన్నా, ఇన్ని నెలలుగా మీ లెక్కలకు రెండో ప్రతి లేదు. పెన్‌డ్రైవ్ ఉందా?”

సొరుగులోంచి తీసిచ్చాడు. 4:50కి మొదటి డంప్ పూర్తయింది. కార్డు నిండిపోయిందని గంటసేపు కుస్తీ పడితే, మళ్లీ ఎక్కడా దొరకని రైతుల లెక్క మొత్తం కలిపి 40 ఎంబీ. ఇకమీదట అది రోజూ రాత్రి పెన్‌డ్రైవ్‌కు వెళ్తుంది. నెల తిరిగేలోపు కార్డు తీసేసి యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ పెట్టాలని సెక్రటరీ పుస్తకంలో రాయించింది.