అగదము – విరుగుడు

విషమును హరించు ఔషధమునకు మనకు రెండు పేర్లు కలవు. శాస్త్రగ్రంథములలోనిది 'అగదము', ఇంటింట వాడుకలోనున్నది 'విరుగుడు'. రెండును ఒకే వస్తువును చెప్పుచున్నను వాని దృష్టి వేరు.

'గదము' అనగా రోగము. అది లేనిది అగదము. కావున ఈ పదమునకు తొలి యర్థము మందు కాదు, ఆరోగ్యమే. ఋగ్వేదము 10వ మండలము 16వ సూక్తమున, మృతుని దేహమును పక్షి పొడిచినను, చీమ కుట్టినను, పాము కరచినను అగ్ని దానిని అగదముగా చేయవలెనను ప్రార్థన కలదు. ఆ మండలమునందే 97వ సూక్తమున, ఈ మనుష్యుని అగదునిగా చేయుడని ఓషధులను వేడికొనిరి. అమరకోశమున వైద్యునకు 'అగదంకారుడు' అని యొక పర్యాయము. నీరోగునిగా చేయువాడని దాని భావము. ఇట్లు స్వస్థతకు చెల్లిన పేరు క్రమముగా దానిని కలిగించు మందునకు, అందును విశేషించి విషహరమైన మందునకు సంక్రమించినది.

ఆయుర్వేదము యొక్క 8 అంగములలో అగదతంత్రము ఒకటి. సుశ్రుతసంహితలోని కల్పస్థానము 8 అధ్యాయములును దీనికే వినియోగపడినవి. రాజుగారి అన్నపానరక్షణతో మొదలై కీటకవిషములతో ముగియును. నడుమ, అగదము పూసిన దుందుభిని మ్రోగించినచో ఆ ధ్వని సోకియే విషము తొలగునని యొక విచిత్రమైన ప్రయోగము కలదు. చరకసంహిత విషచికిత్సకు 24 ఉపక్రమములు చెప్పినది. కౌటిల్యుడు రాజు చెంత విషవిద్య నెరిగిన జాంగలీవిదులు ఉండవలెననెను.

ఇక మన తెలుగు మాట. 'విరుగు' ధాతువునుండి 'విరుగుడు' పుట్టినది. కొమ్మ విరిగినట్లు విషము యొక్క బలము విరుగుట. సంస్కృతపదము రోగిని చూచినది. తెలుగుపదము విషమును చూచినది. పదార్థముల దోషములకు సైతము విరుగుడు చెప్పుట మన వంటయిండ్లలో పరిపాటియే.

1890ల దశాబ్దమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ కాల్మెట్ నాగుపాము విషమునకు సీరము సిద్ధపరచెను. నేడు మనదేశమున నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటి విషమును కొద్దికొద్దిగా గుఱ్ఱముల కెక్కించి, వాని రక్తమునుండి మందు తీయుదురు. అది విషమును పట్టి నిర్వీర్యము చేయును. విరుగుడను మాట కింతకంటె సార్థక్యమేమి?

అయినను 2000 మొదలు 2019 వరకు మనదేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది మరణించిరని 2020లో వెలువడిన యొక పరిశోధన అంచనా వేసినది. మరణించినవారిలో అధికులు పల్లెవాసులు. కాటును కోయుట, పీల్చుట, కట్టు బిగించుట ప్రాచీనులు చెప్పిన ఉపాయములే కాని, నేటి వైద్యులు వానిని కూడదనుచున్నారు. మంత్రములకై వేచియుండుటయు ప్రాణాంతకమే. సెలవులకు స్వగ్రామము వెళ్లినపుడు ఈ నాలుగు మాటలు మనవారికి చెప్పుదము. కరవబడినవానిని కదలనీయక, జాగు సేయక ఆసుపత్రికి చేర్చువాడును ఒక అగదంకారుడే.