పడవ స్టార్టింగ్ బ్యాటరీ: బలహీనత, పరీక్ష

మరపడవ ఇంజన్‌ను స్టార్ట్ చేయడానికి కొన్ని సెకన్లపాటు వందల ఆంపియర్ల కరెంటు ఇచ్చే బ్యాటరీని స్టార్టింగ్ బ్యాటరీ అంటారు. ఎక్కువగా వాడేది సీసం-ఆమ్ల రకం. దీని మూలం 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రూపొందించిన ఘటం.

12 వోల్టుల బ్యాటరీలో ఆరు ఘటాలు, పలుచని పలకలు ఉంటాయి. దీపాలు, వైర్‌లెస్ సెట్టు కూడా దీనిమీదే గంటలకొద్దీ నడిపితే పలకలు త్వరగా దెబ్బతింటాయి.

స్టార్టర్ నీరసంగా తిరగడం, సోలినాయిడ్ టకటక కొట్టుకోవడం బలహీనతకు గుర్తులు. అయినా నేరం ప్రతిసారీ బ్యాటరీది కాదు. ఉప్పుగాలికి టెర్మినళ్ల మీద తెల్లగా, ఆకుపచ్చగా పేరుకునే చిలుము కరెంటును అడ్డుకుంటుంది. ముందు దాన్ని గీకి, బిగింపు చూడాలి.

ఛార్జింగ్ ఆపి కొన్ని గంటలయ్యాక మల్టీమీటర్ 12.6 వోల్టులు చూపితే నిండు ఛార్జి, 12.4 అయితే ముప్పాతిక, 12.0 అయితే పావు. స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజి 9.6 కిందికి పడితే బ్యాటరీని అనుమానించాలి. హైడ్రోమీటర్‌లో నిండు ఘటం సాంద్రత సుమారు 1.265, ఒక్క ఘటమే బాగా తగ్గితే అది చెడినట్టే. ఇంజన్ నడుస్తుండగా 13.8–14.4 వోల్టులు రాకపోతే ఆల్టర్నేటర్, బెల్టు చూడాలి.

ఆంధ్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సాగే 61 రోజుల చేపల వేట నిషేధంలో, పట్టించుకోని బ్యాటరీ తనంతట తానే దిగిపోయి పలకలపై సల్ఫేటు గట్టిపడుతుంది. ఛార్జింగ్‌లో మండే హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి ఇంజన్ గదికి గాలి తప్పనిసరి. తీగలు విప్పేటప్పుడు ముందుగా నెగటివ్ తీయాలి.