రెండు పేర్లు, ఒకే బల్ల

కోనసీమ దళిత క్రైస్తవుల గురించి రాసినవాళ్ళలో మిషన్ చరిత్రకారులు ఆత్మల లెక్క రాసుకున్నారు. మతమార్పిడిని తప్పుపట్టేవాళ్ళు గోధుమపిండి, పాలపొడి లెక్క తీశారు. పేటలో మనిషి రోజూ ఎలా బతికాడన్నది ఈ రెండు లెక్కల్లోనూ లేదు. తప్పులు చేస్తూ, వాటికి ఏడుస్తూ, ఆదివారం మళ్ళీ ఉతికిన బట్టలు కట్టుకుని ప్రార్థనకెళ్ళే మనిషి దేవుడి కనికరాన్ని ఏమనుకున్నాడు? మేము ఆ సంగతే మాట్లాడదలిచాం.

1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట విలియం బౌడెన్, జార్జ్ బీర్ భార్యలతో సహా ఇంగ్లండు నుంచి వచ్చారు. నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా సాగిన వాళ్ళ పనే గోదావరి డెల్టా మిషన్ అయి, వశిష్ఠ దాటి కోనసీమకీ వచ్చింది. 1847-1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. డెల్టా భూములకి విలువొచ్చింది గానీ పాలేరు పాలేరుగానే ఉండిపోయాడు. ఈ మిషన్‌ది బ్రదరన్ పద్ధతి. పురోహిత వర్గం లేదు. ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు, పాత్ర చేతులు మారుతుంది. ఊరి చెరువు ముట్టుకోనివ్వని రోజుల్లో, హోటల్లో వేరే గ్లాసు పెట్టిన రోజుల్లో, ఒకరు తాగిన పాత్రలో ఇంకొకరు తాగడమంటే ఏమిటో వేదాంతం చదివినవాళ్ళకంటే మనవాళ్ళకే బాగా తెలుసు. అయితే ఆ పాత్ర పేట దాటి ఊళ్ళోకి పోలేదన్నదీ నిజమే. మాలలూ మాదిగలూ వేరువేరుగా కూడుకున్నచోట అది పక్కపేటకి కూడా పోలేదు.

తాగి తందనాలాడినవాణ్ణి బల్లకి దూరం పెట్టేవాళ్ళు. తప్పొప్పుకుంటే తిరిగి చేర్చుకునేవాళ్ళు. ఇది చిన్న విషయంలా కనపడొచ్చు. కులధర్మంలో మనవాడి తప్పు పుట్టుకే, దానికి ఏ ప్రాయశ్చిత్తమూ లేదు. ఇక్కడ తప్పు చేసిన పనిలో ఉంది, వెనక్కొచ్చే దారీ ఉంది. కృప అనే మాట పేటల్లో అంతగా నాటుకుపోవడానికి పెద్ద కారణం ఇదేనని మా అభిప్రాయం.

ఆ తర్వాత రాజ్యం ఒక కొత్త తప్పు తయారుచేసింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువులు కానివాళ్ళని షెడ్యూల్డు కులాల నుంచి తీసేసింది. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ సడలించారు. క్రైస్తవులకీ ముస్లిములకీ లేదు. 1970లో మన రాష్ట్రం దళిత క్రైస్తవుల్ని బీసీ 'సి' గ్రూపులో వేసి ఒక్క శాతం చేతిలో పెట్టింది. అందుకని సర్టిఫికెట్లో ఒక పేరు, సంఘంలో ఇంకో పేరు. అబద్ధం కదా అంటే కాదని వాదించేవాళ్ళు తక్కువే. 'దేవుడికి తెల్దేటండీ' అన్న మాటే వినపడుతుంది. దీన్ని లౌక్యం అనుకుంటే పొరపాటు. బోధకులు పేతురు ముమ్మారు ఎరగనన్నాడని చెప్పి భయపెడతారు. పేటలో జనం మిగతా కథ కూడా గుర్తుంచుకున్నారు: ఆ ఎరగనన్నవాడికే ప్రభువు తర్వాత ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి పెట్టాడు. మూడుసార్లూ అడిగింది ప్రేమ ఉందా అనే.

కనికరం బరువంతా ఎవరిమీద పడిందన్నది మాత్రం దాచకూడదు. తాగొచ్చి కొట్టే మొగుణ్ణి క్షమించమని ఆడవాళ్ళకి చెప్పినంత గట్టిగా, కూలి ఎగ్గొట్టిన ఆసామిని పశ్చాత్తాపపడమని ఏ సువార్త సభలోనూ చెప్పలేదు. ఎందుకో మనం అడగలేదు.

2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన శాసనసభ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. 2024 నవంబరులో, మన యానాం కూడా ఉన్న పుదుచ్చేరి నుంచి వచ్చిన కేసులో, సుప్రీంకోర్టు ఒక యువతి బాప్తిస్మాన్నీ, క్రమం తప్పకుండా చర్చికి వెళ్ళడాన్నీ చూపించి ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వనక్కర్లేదంది. అంటే దేవుడి దయ రాసుకున్న పుస్తకం ఇప్పుడు కోర్టులో సాక్ష్యం. అందుకే ఈ వ్యాసంలో మేము ఏ పేట పేరూ, ఏ మనిషి పేరూ రాయలేదు.