ఎడారి సఫర్ - నిన్న, నేడు

గోదావరి జిల్లాల వారికి నీటితో ఉన్నంత పరిచయం ఇసుకతో లేదని చాలామంది అనుకుంటారు. ఆ మాట సగమే నిజం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది మొదలు మన డెల్టా కాలువల దేశమైన మాట వాస్తవమే గాని, ఇసుక మనకు కొత్తదేమీ కాదు. రాజమండ్రి రేవుల్లో ఇసుక ర్యాంపులున్నాయి. వరద తీసిన తరువాత లంక పొలాల్లో మేటలు వేసిన ఇసుక ఉంది. సముద్రం ఒడ్డున దిబ్బల మీద సరుగుడు తోటలున్నాయి. అయితే ఇదంతా నీటి ప్రక్కన ఉండే ఇసుక. నీరే లేని ఇసుక ఎలా ఉంటుందో మనవారు ఎక్కువగా చూసింది గల్ఫ్ దేశాలకు పోవడం మొదలైన తరువాతనే.

ఇప్పుడు దుబాయిలో ఉన్న కొడుకును, అల్లుణ్ణి చూడటానికి వెళ్ళిన పెద్దలు తిరిగి వచ్చాక తప్పకుండా చెప్పే కబుర్లలో "డెజర్ట్ సఫారీ" ఒకటి. పెద్ద కారులో ఎక్కించుకొని, ఇసుక కొండల మీద ఎక్కించి దింపి, సాయంత్రం గుడారాల దగ్గర భోజనం పెట్టి, రాత్రికి ఇంటి దగ్గర దింపేస్తారు. అంతా కలిపి ఆరేడు గంటల సరదా. ఈ సరదా సవారీ వెనుక ఎంత చరిత్ర ఉన్నదో, ఎవరెవరి కష్టం ఉన్నదో మన సొసైటీ సభ్యులకు, వారి పిల్లలకు నాలుగు మాటలలో చెప్పాలని మా ప్రయత్నం.

మాట నడిచిన దారి

ముందుగా "సఫారీ" అనే మాట సంగతి చూద్దాము. ఇది ఇంగ్లీషు మాట అని మా తరగతి పిల్లలు అనుకుంటారు. నిజానికి ఇది మన ఇళ్ళలో రోజూ వినిపించే "సఫర్" అనే మాటే. సఫర్ చేసేవాడు ముసాఫిర్. అరబ్బు వర్తకులు తూర్పు ఆఫ్రికా తీరానికి వెళ్ళినప్పుడు ఈ మాట వారి వెంట వెళ్ళి స్వాహిలీ భాషలో "సఫారీ" అయింది. అక్కడ కూడా దాని అర్థం ప్రయాణమే. ఇంగ్లీషువారు దానిని తీసుకొని అడవి జంతువుల వేటకు వాడారు. తుపాకులు పోయి కెమెరాలు వచ్చిన తరువాత అదే మాట మళ్ళీ తన పుట్టింటికి, అరబ్బు ఎడారికి, టూరిస్టు టికెట్టు మీద అచ్చయి వచ్చింది!

ఇంకొక మాట చూడండి. అరేబియా దక్షిణ భాగంలో ఉన్న మహా ఎడారి పేరు "రుబ్ అల్ ఖాలీ". రుబ్ అంటే నాలుగో వంతు. ఖాలీ అంటే మనం "బస్సులో సీటు ఖాళీగా ఉందా" అని అడిగే ఖాళీయే. ఖాళీగా ఉన్న నాలుగో వంతు అన్నమాట. దాని విస్తీర్ణం సుమారు 6,50,000 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ వంటి రాష్ట్రాలు నాలుగు అందులో పడతాయి. సౌదీ అరేబియా, ఒమాన్, యెమెన్, ఎమిరేట్స్ దేశాలలోకి అది వ్యాపించి యున్నది. దుబాయి సఫారీ జరిగే ఇసుక దిబ్బలు ఈ మహా ఎడారికి ఉత్తరపు అంచు వంటివి.

ఒంటె నేర్పిన పాఠం

ఆ ఎడారిని మొదట జయించినది మోటారు కాదు, ఒంటె. ఒంటె పాదం వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. అడుగు వేసినప్పుడు అది ఇంకా విచ్చుకుంటుంది. బరువు ఒక్కచోట పడక చుట్టూ పరచుకుంటుంది గనుక కాలు ఇసుకలో దిగబడదు. గుర్రం డెక్క సన్నగా ఉంటుంది కనుక దిగబడుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు మనకు పనికి వస్తుంది.

ఒంటె ఉన్నా దారి తెలిసిన మనిషి లేకపోతే లాభం లేదు. ఆ మనిషే బద్దూ. ఏ బావిలో నీరు తియ్యగా ఉంటుంది, ఏ బావి ఉప్పన, ఏ దిబ్బను ఏ వైపు నుండి ఎక్కాలి, ఇసుక మీది అడుగుజాడను బట్టి వెళ్ళినవాడు ఎవడు, ఎప్పుడు వెళ్ళాడు - ఇవన్నీ వారికి కంఠతా ఉండేవి. వచ్చినవాడు ఎవరైనా సరే అతిథే. అక్కడ మెహమాన్ నవాజీ అనేది మర్యాద కోసం పుట్టినది కాదు. ఈ రోజు నీవు నీళ్ళు ఇవ్వకపోతే రేపు నీకు ఇచ్చేవాడు ఉండడు.

మన పెద్దల హజ్ ప్రయాణం కూడా ఒకప్పుడు ఈ దారినే సాగింది. బొంబాయిలో ఓడ ఎక్కి జిద్దాలో దిగి, అక్కడి నుండి మక్కాకు ఒంటెల కాఫిలాలో పోయేవారు. 1920ల చివరి నుండి ఆ దారిలో మోటారు కార్లు పెరిగి ఒంటెలు తగ్గిపోయాయి. బొంబాయి ఓడ కూడా 1995తో ఆగిపోయింది. ఇప్పుడు అంతా విమానమే. ఎడారి కాలి క్రింద నుండి జారిపోయి కిటికీ క్రిందకు వెళ్ళిపోయింది.

పేరు ఒకరిది, దారి ఒకరిది

రుబ్ అల్ ఖాలీని దాటిన మొదటి ఐరోపావాడుగా బెర్ట్రమ్ థామస్ పేరు పుస్తకాలలో ఉన్నది. ఈయన మస్కట్ సుల్తాను కొలువులో పనిచేసిన ఇంగ్లీషు ఉద్యోగి. 1930 డిసెంబరులో సలాలా నుండి బయలుదేరి 1931 ఫిబ్రవరిలో దోహా చేరాడు. ఆయనను తీసుకుపోయినవాడు రషీద్ తెగకు చెందిన షేక్ సాలెహ్ బిన్ కలూత్. మరుసటి ఏడు, 1932లో, ఫిల్బీ అనే మరొక ఇంగ్లీషువాడు ఇంకొక దారిన దాటాడు. తరువాత విల్ఫ్రెడ్ థెసిజర్ 1946 నుండి 1948 వరకు రెండుసార్లు దాటి, ఆ అనుభవాలను 1959లో పుస్తకంగా వేశాడు. ఆయన వెంట నడిచినవారు బిన్ కబీనా, బిన్ గబైషా అనే ఇద్దరు యువకులు. మోటారు వస్తే వీరి జీవితం చెదిరిపోతుందని థెసిజర్ బెంగపడ్డాడు.

"మొదట దాటినవాడు" అని రాసినప్పుడు ఒక ప్రశ్న అడగాలి. దారి చూపించిన రహబర్ అంతకు ముందే ఆ ఎడారిలో తిరిగినవాడే కదా? చరిత్రలో పేరు ఒకరిది, దారి ఒకరిది కావడం తరచు జరుగుతుంది.

మోటారు వచ్చింది

ఎడారిలో డబ్బు తీసుకొని జనాన్ని కారులో దాటించడం 1923లోనే మొదలైంది. నెయిర్న్ సోదరులు అనే ఇద్దరు న్యూజిలాండ్ వారు డమాస్కస్ నుండి బాగ్దాదుకు సుమారు 800 కిలోమీటర్ల దారిలో టపాను, ప్రయాణికులను చేరవేసే సర్వీసు నడిపారు. కాని ఆ నేల చాలా వరకు గట్టి నేల. మెత్తని ఇసుక దిబ్బల మీద కారు నడపడం వేరే విద్య.

ఆ విద్యను శాస్త్రంగా చేసినవాడు రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి. 1920లు, 30లలో ఈజిప్టు, లిబియా ఎడారులలో సాదా ఫోర్డు కార్లు వేసుకొని స్నేహితులతో తిరిగాడు. ఆయన పాటించిన ఉపాయాలు చూడండి. టైర్లలో గాలి తగ్గించాలి. కూరుకుపోయిన చక్రం క్రింద ఇనుప పలకలు వేయాలి. రేడియేటరులో మరిగి పోయే ఆవిరిని ఒక డబ్బాలో పట్టి మళ్ళీ నీరుగా వాడుకోవాలి. ఇనుప కారులో మామూలు దిక్సూచి తప్పు చూపుతుంది గనుక సూర్యుని నీడతో దిక్కు చూసుకోవాలి. 1940లో యుద్ధ కాలంలో ఆయన స్థాపించిన ఎడారి గస్తీ దళం ఈ విద్యతోనే శత్రువు వెనుకకు వెళ్ళి వచ్చింది. తరువాత భారత సైన్యపు అశ్వికదళాల నుండి కూడా జవాన్లను తీసి ఆ పనికి పెట్టారు. 1941లో ఆయన ఇసుక కదలిక మీద వేసిన గ్రంథం నేటికీ ప్రమాణమే. అంగారక గ్రహం మీది ఇసుక దిబ్బలకు ఆయన పేరు పెట్టారు. 2015 చివరలో అమెరికా వారి క్యూరియాసిటీ వాహనం వాటిని దగ్గరగా పరిశీలించింది.

ఇంతకీ గాలి తీయడంలో రహస్యమేమిటి? గాలి తగ్గితే టైరు చప్పబడి వెడల్పవుతుంది. బరువు పరచుకుంటుంది. అంటే మోటారు టైరును ఒంటె పాదంగా మార్చడమే!

ఇసుక నుండి తైలం

భర్తృహరి సుభాషితాలలో ఇసుక నుండి తైలం తీయడం అసాధ్యానికి పోలిక. గల్ఫ్‌లో అదే జరిగింది. కువైట్‌లో 1938లో చమురు పడింది, 1946లో ఎగుమతి మొదలైంది. అబూధాబీ ఎగుమతి 1962లో, దుబాయిది 1969లో మొదలైనాయి. 1971 డిసెంబరు 2న ఎమిరేట్స్ ఒకే దేశంగా ఏర్పడింది. అంతకు ముందు అక్కడ చెలామణి అయినది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం ప్రత్యేకమైన నోట్లు కూడా అచ్చువేసింది. 1966లో రూపాయి విలువ తగ్గించిన తరువాత అది పోయింది. ఒకప్పుడు మన రూపాయి అక్కడికి పోయింది, తరువాత వారి దీనార్ల కోసం మన మనుషులు పోయారు. మన రెండు గోదావరి జిల్లాల నుండి ఇళ్ళలో పనికి స్త్రీలు, డ్రైవర్లుగా, తాపీ పనికి, వంట పనికి పురుషులు వెళ్ళారు. 2022లో జిల్లాలు విడిపోయి కోనసీమ, కాకినాడ, ఏలూరు అని పేర్లు పెరిగినా విమానం ఎక్కే జనం మాత్రం వారే.

చమురు డబ్బుతో రోడ్లు వచ్చాయి, నాలుగు చక్రాలకూ బలం అందే జపాన్ బండ్లు వచ్చాయి. బద్దూలు పట్టణాలలో స్థిరపడ్డారు. అవసరం కోసం దాటిన ఎడారి సెలవు రోజు వినోదమైంది, తరువాత టూరిస్టు వ్యాపారమైంది.

మేము చూసిన సవారీ

కొంత కాలం క్రితం బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు మేము కూడా కుటుంబంతో ఈ సవారీ చేశాము. దుబాయి నుండి హత్తా పోయే రోడ్డులో లహబాబ్ అనే చోట ఎర్ర ఇసుక దిబ్బలున్నాయి. ఇసుక రేణువులకు పట్టిన ఇనుప తుప్పు వల్ల ఆ ఎరుపు వస్తుంది. రోడ్డు దిగగానే కార్లన్నీ వరుసగా ఆగాయి. మా డ్రైవరు పెషావరు వైపు వాడు, ఉర్దూలో మాట్లాడాడు. 35 పాయింట్ల గాలిని 15, 16కు దించాడు. అందరి బెల్టులు తానే లాగి చూశాడు.

దిబ్బకు గాలి వచ్చే వైపు వాలు తక్కువగా, అవతలి వైపు నిటారుగా ఉంటుంది. అవతలి వాలు సుమారు 33 డిగ్రీలు. అంతకు మించి ఇసుక నిలబడదు, జారిపోతుంది. ఎక్కేటప్పుడు వేగం తగ్గకూడదు, కొన మీదకు వచ్చాక తగ్గించాలి. దిగేటప్పుడు ముక్కుసూటిగా దిగాలి, అడ్డంగా తిప్పితే బండి దొర్లుతుంది. ముందు కారు జాడలోనే వెనుక కారు పోవాలి. "మాస్టర్ సాబ్, ఇసుకతో పంతం పట్టకూడదు, దాని మాట వినాలి" అన్నాడు ఆ డ్రైవరు. నది ర్యాంపులో లారీ ఎక్కించే మన కుర్రాళ్ళు కూడా ఇంచుమించు ఇదే మాట చెబుతారు.

వెళ్ళే వారికి ఒక సూచన. గర్భిణులు, నడుము నొప్పి ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు, పసిపిల్లలు దిబ్బల మీది సవారీ చేయరాదు. వారిని నేరుగా గుడారాలకు తీసుకుపొమ్మని ముందే అడగవచ్చు. కడుపు నిండా తిని ఎక్కవద్దు. ఎండాకాలం కంటే అక్టోబరు నుండి మార్చి వరకు మేలు.

గుడారాల దగ్గర ఖహ్వా, ఖర్జూరం, గోరింటాకు ఉంటాయి. ఇవి అక్కడివే. గిరగిర తిరిగే తనూరా నాట్యం మాత్రం ఈజిప్టు నుండి తెచ్చినది. టూరిస్టు చూసేదంతా బద్దూల జీవితమని అనుకోరాదు. ఒంటె సవారీ చూసి ఇంకొక సంగతి కూడా జ్ఞాపకం తెచ్చుకోవాలి. ఒంటె పందేలలో బరువు తక్కువని చిన్న పిల్లలను ఎక్కించేవారు. 2005లో ఎమిరేట్స్ ప్రభుత్వం 18 ఏళ్ళ లోపు వారిని చట్టం ద్వారా నిషేధించింది. యూనిసెఫ్ సహకారంతో పాకిస్తాన్, బంగ్లాదేశ్, సూడాన్, మౌరిటానియా దేశాల పిల్లలు వెయ్యిమందికి పైగా ఇళ్ళకు చేరారు. ఇప్పుడు ఒంటె మీద చిన్న యంత్రపు బొమ్మ కూర్చుంటుంది. ఎడారిని కాపాడటానికి దుబాయి వారు 225 చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతం ఏర్పరచి, తెల్ల ఒరిక్స్ జింకలను తిరిగి పెంచుతున్నారు. బండి చక్రం క్రింద నలిగిన గడ్డి మళ్ళీ మొలవడానికి అక్కడ వాన ఏడాదికి నాలుగు చినుకులే.

అదే ఇసుక, వేరే సఫర్

ఎడారి అందరికీ ఆరు గంటల సరదా కాదు. 2024లో కోనసీమ యువకుడొకడు ఖతార్‌లో ఉద్యోగమని నమ్మి వెళితే, అతనిని సౌదీ ఎడారిలో ఒంటెలు కాయడానికి పెట్టిన సంగతి పత్రికలలో చదివాము. అతను వీడియోలో మొర పెట్టుకోవడం, ప్రభుత్వం కదలడం, అతను ఇంటికి చేరడం మన అదృష్టం. టూరిస్టుకు సాయంత్రం తీసుకుపోవడానికి కారు ఉంటుంది. కాపరికి అదే దిబ్బ నాలుగు గోడలు లేని జైలు.

అందుచేత మన ఇళ్ళ నుండి వెళ్ళే పిల్లలు కొన్ని సంగతులు చూసుకోవాలి. విజిట్ వీసా మీద పనికి పోరాదు. ఒప్పందం కాగితంలో పని ఏమిటో, ఊరు ఏదో, జీతం ఎంతో తెలిసిన వారిచేత చదివించుకోవాలి. అరబీ లిపి చదవగలవారు మన మధ్యనే ఉన్నారు, అడగటానికి మొహమాటం వద్దు. పదవ తరగతి పాసు కాని వారు గల్ఫ్ పనికి పోవాలంటే 1983 వలస చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి కావాలి. అది అడ్డంకి కాదు, రక్షణ. కష్టం వస్తే విదేశాంగ శాఖ వారు 2015లో పెట్టిన "మదద్" అనే ఫిర్యాదుల ఏర్పాటు ఉంది. పేరే మన మాట, అర్థం చెప్పనక్కర లేదు.

షేక్ సాలెహ్ వంటి రహబర్ దొరికితే ఖాళీ ఎడారి కూడా దారి ఇస్తుంది. తప్పుడు రహబర్ చేతిలో పడితే చదునైన రోడ్డు కూడా దిగబడుతుంది. సఫర్‌కు బయలుదేరే ముందు బండిని కాదు, దారి చూపేవాడిని పరీక్షించుకోవాలని మన పిల్లలకు నేర్పుదాము.