జేబు పిస్తోళ్లు - వానిమీది పేర్లు

అరచేతిలో ఇమిడిపోవు పాతకాలపు పిస్తోలు నొకదానిని అమెరికాలో అట్టి వస్తువులను సేకరించువాని చేతికిచ్చినచో, అతడు దానిని గురిపెట్టి చూడడు. మొదట గొట్టముమీది అక్షరములను చూచును. పిదప భూతద్దము తీసి మరల ఆ అక్షరములనే చూచును. ఎవరు చేసిరి, ఏ ఊర చేసిరి, పేటెంటు ఏ తేదీది అని ఆ ఇనుముమీద ముద్ర గ్రుద్ది యుండును. ఆ నాలుగు మాటలు నిజమైనవా కావా అనుటపైననే దాని వెల చాలవరకు ఆధారపడియుండును. ఆయుధములపై మాకు మోజు లేదు. మా ఇంటిలో దీపావళికి పిల్లలు పేల్చు పిస్తోలు తప్ప వేరొకటి లేదు. అయినను ఈ ముద్రల చరిత్ర వినదగినదని తోచి శ్రోతలకు మనవి చేయుచున్నాము.

1898వ సంవత్సరములోగాని అంతకు ముందుగాని తయారైన తుపాకులను అమెరికా దేశపు 1968 నాటి చట్టము పురాతనములుగా ఎంచినది. మేము చెప్పబోవునవి చాలవరకు అంతకు ముప్పది, ఏబది ఏండ్లు ముందటివి.

ఫిలడెల్ఫియా నగరములో హెన్రీ డెరింజరు అను తుపాకుల పనివాడుండెను. 1786లో పుట్టి 1868లో గతించెను. ప్రభుత్వమునకు సైనికుల తుపాకులు చేసి యిచ్చినవాడే అయినను, ఆయన పేరు నిలిపినది మాత్రము జేబులో పట్టు చిన్న పిస్తోలు. దానికి ఒకే గొట్టము, ఒకే గుండు. గొట్టము మూతినుండి మందు పోసి, గుండు దట్టించి, వెనుకవైపున చిన్న రాగి టోపీ తొడుగవలెను. మీట నొక్కగా సుత్తి ఆ టోపీమీద పడును. నిప్పు లోనికి పోయి మందు అంటుకొనును. ఒకసారి పేలిన పిదప మరల మందు దట్టించువరకు అది ఇనుపముక్కతో సమానము. అందుచే ఇవి తరచు జంటలుగా అమ్ముడుపోయెడివి. 1849లో బంగారమునకై జనము కాలిఫోర్నియాకు పరుగెత్తిన నాటినుండి ఆ ప్రాంతమున వీనికి గిరాకి పెరిగెను. బంగారమున్నచోట భయముండక తప్పదు గదా!

డెరింజరు తన పిస్తోలునకు పేటెంటు తీసికొనలేదు. దాని ఆకారమును ఎవరైనను అనుకరింపవచ్చును. కాని అనుకరించినవారు ఆకారముతో తృప్తిపడక పేరును కూడ తీసికొనిరి. ఆయన కొలువు విడిచిన పనివారే వేరు దుకాణము పెట్టి అట్టి పిస్తోళ్లు చేసిరి. జాన్ డెరింజరు అను దర్జీ ఒకడుండగా, అతని పేరు వాడుకొను హక్కును సంపాదించి, ఆ పేరునే గొట్టములమీద ముద్రించిరని చెప్పుదురు. సూదిదారము తప్ప ఎరుగని దర్జీ పేరు తుపాకిమీద కెక్కినది! ఆ పేరు అబద్ధమనుటకును వీలులేదు, నిజమనుటకును వీలులేదు. నేడు సేకరించువారు ఆ దర్జీ పేరుగల పిస్తోళ్లను వేరొక తెగగా ఎంచి, వానిని కూడ వెదకి కొనుచున్నారు.

శాన్ ఫ్రాన్సిస్కోలో ప్లేటు అను వర్తకుడు నకిలీ ముద్రగల సరకు అమ్మగా డెరింజరు అతనిపై వ్యాజ్యము వేసెను. 1865లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు డెరింజరు పక్షముననే తీర్పు చెప్పెను. వ్యాపారచిహ్నములకు సంబంధించిన తొలినాటి ముఖ్యమైన తీర్పులలో అది యొకటి. ఆ సంవత్సరముననే, ఏప్రిల్ 14వ తేదీ రాత్రి, వాషింగ్టనులోని ఫోర్డు నాటకశాలలో జాన్ విల్క్స్ బూతు అను నటుడు అధ్యక్షుడు అబ్రహాం లింకనును వెనుకనుండి కాల్చెను. మరునాటి ఉదయము లింకను కన్నుమూసెను. బూతు చేతిలోనిది ఆరంగుళములైన లేని డెరింజరు పిస్తోలు. ఒక్క గుండు మాత్రమే గల ఆయుధము గనుక, కాల్చిన వెంటనే దానిని అచటనే పడవేసి కత్తి దూసెను.

డెరింజరు ఇంటిపేరును ఇంగ్లీషులో వ్రాయునపుడు రేఫ మొకటే. పత్రికలవారు రెండు వ్రాసిరి. లోకము ఆ తప్పునే నేర్చుకొని, అట్టి చిన్న పిస్తోళ్లన్నిటికిని ఆ పేరే పెట్టినది. ఆయన గెలిచిన వ్యాజ్యము సైతము న్యాయగ్రంథములలో రెండు రేఫములతోనే ఉదాహరింపబడుచున్నది. తన పేరుకొరకు కోర్టుకెక్కి గెలిచినవానికి ఇంతకంటె విపరీతమైన గెలుపు ఉండదని మాకు తోచును.

ఇక తిరుగు గూళ్ల పిస్తోలు, అనగా రివాల్వరు. శామ్యూలు కోల్టు 1836లో అమెరికాలో పేటెంటు పొందెను. మొదటి కంపెనీ 1842 నాటికి మూతపడినది. రెండవ ప్రయత్నములో హార్ట్‌ఫర్డు నగరమున ఆయన పెట్టిన కర్మాగారము లోకప్రసిద్ధమైనది. అందు తయారైన 1849 నమూనా జేబు రివాల్వరు 1873 వరకు వెలువడినది. మొత్తము 3 లక్షలకు పైగా చేసిరి. మందు, గుండు ఉంచు సిలిండరుమీద దొంగలు గుర్రపుబండిని అడ్డగించు దృశ్యమొకటి అచ్చువేసిరి. దానిని చెక్కిన ఆర్మ్స్‌బీ బ్యాంకునోట్లకు పలకలు చెక్కు నిపుణుడు. జేబులో, తోలుసంచిలో ఒరసికొని ఆ దృశ్యము అరిగిపోవును. గుర్రములు, బండి, దొంగలు ఎంతవరకు కనబడుచున్నారో చూచి, ఆ రివాల్వరు ఎంత వాడకమునకు గురియైనదో నిర్ణయింతురు. భాగములమీది వరుస సంఖ్యలు ఒకదానితో ఒకటి సరిపోవలెను. రెండు మూడు పాడుబడిన రివాల్వర్లు కలిపి ఒకటి కట్టినచో సంఖ్యలే బయటపెట్టును.

పేటెంటు తేదీల పోరాటము చూడవలెనన్న స్మిత్ అండ్ వెస్సను వారి వద్దకు పోవలెను. సిలిండరు గూడును ఈ చివరనుండి ఆ చివరకు తొలిచి, వెనుకనుండి లోహపు తూటాను పెట్టుటకు రోలిన్ వైటు 1855 ఏప్రిల్ 3న పేటెంటు పొందెను. ఆ హక్కును తీసికొని వీరు 1857లో ఏడు తూటాల చిన్న రివాల్వరును వెలువరించిరి. మార్కు ట్వేను 1872లో ప్రకటించిన తన ప్రయాణ గ్రంథములో దాని గుండును హోమియోపతి మాత్రతో పోల్చి నవ్వెను. రివాల్వరు ఒక్కింటికి 25 సెంట్లు వైటునకు ముట్టవలెను. కాని ఒడంబడికలో ఒక మెలిక యుండెను: ఎవరైన ఆ హక్కునకు భంగము కలిగించినచో కోర్టులో పోరాడు భారము వైటుదే. దొంగలు పెరిగిన కొలది ఆయన రాబడి వకీళ్ల పాలయ్యెను. 1869లో గడువు తీరెను. ఆయనకు ఉపశమనము కలిగించు బిల్లును కాంగ్రెసు ఆమోదించినను, 1870లో అధ్యక్షుడు గ్రాంటు దానిని త్రోసిపుచ్చెను.

ఓడిపోయినవారి సరకు ఏమైనదందురా? కొందరు తమ రివాల్వర్లమీద 'స్మిత్ అండ్ వెస్సను కొరకు చేసినది' అని ముద్ర గ్రుద్దుకొనవలసి వచ్చెను. తాను చేసిన వస్తువుమీద పరుని పేరు తానే గ్రుద్దుకొనుట! ల్యూషియసు పాండు అనువాడు చేసిన రివాల్వర్లలో ఇట్టివి దొరకును. సేకరించువారికి వీనిపై మక్కువ ఎక్కువ. అది ఒక కోర్టు తీర్పును చేతబట్టుకొన్నట్లే గదా!

రెమింగ్టను వారి రెండు గొట్టముల పిస్తోలు 1866 మొదలు 1935 వరకు తయారైనది. దానినిగూర్చి ఒక్కమాట చాలును: 1888లో కంపెనీ చేతులు మారగా గొట్టముమీది పేరు కూడ మారినది, ఆ పేరునుబట్టి వయస్సు చెప్పుదురు.

ఇట్టి ముద్రలకు విలువ వచ్చిన పిదప, లేనిచోట వానిని కొత్తగా కల్పించువారును బయలుదేరిరి. అరిగిన అక్షరములను మరల చెక్కుదురు. తుప్పు రాచి, నీలిరంగు పూసి క్రొత్తదానివలె మెరిపింతురు. మెరుగు పెట్టుట కూడ ఒక విధమైన చెరుపేయని మా అభిప్రాయము. తుప్పుతోపాటు అంచులు, గీతలు, అక్షరముల లోతు, అన్నియు పోవును.

లింకనును చంపిన పిస్తోలు ఫోర్డు నాటకశాలలోనే ప్రదర్శింపబడుచున్నది. 1960లలో దొంగలు దానిని ఎత్తుకొనిపోయి నకిలీదానిని ఉంచిరని వదంతి పుట్టెను. 1997లో అమెరికా కేంద్ర నేరపరిశోధక శాఖ అయిన ఎఫ్.బి.ఐ. ప్రయోగశాల దానిని పరీక్షించెను. అచటివారు డెరింజరు పేరును చూచి ఊరకుండలేదు. ఆ పేరును ఎవరైనను గ్రుద్దగలరు. 1930ల నాటి ఛాయాచిత్రములను ముందుంచుకొని, కొయ్యపిడిలోని చారలను, పగులును, ఇనుముమీది గుంటలను ఒక్కొక్కటిగా పోల్చిచూచిరి. అన్నియు సరిపోయినవి.