ఫిరంగీ కత్తులు, వాటి ముద్రలు

రేపల్లె దగ్గరి నిజాంపట్నం రేవు పద్దెనిమిదో శతాబ్ది నడుమ కొన్నేళ్లు ఫ్రెంచివారి చేతిలో ఉంది. హైదరాబాదు గద్దె తగాదాల్లో చేసిన సాయానికి బదులుగా మచిలీపట్నం, నిజాంపట్నం, కొండవీటి సీమ వారికి దక్కాయి. 1753లో ఉత్తర సర్కార్లూ చేరాయి. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ మచిలీపట్నం కోటను పట్టుకోవడంతో ఆ దొరతనం ముగిసింది. ఇక్కడ ఫ్రెంచి సేనాని బుస్సీ వెంట నడిచింది ప్రధానంగా ఫ్రెంచి కంపెనీ బలగం. రాజుగారి అంగరక్షకులు కాదు. కనుక ఈ తీరంలో పాత ఫ్రెంచి కత్తి కనబడగానే వెర్సాయి కాపలాదారుణ్ణి ఊహించుకోవడం తొందరపాటే.

ఫ్రాన్సు రాచ ఆయుధాలకు పేరుపడ్డ ఊరు అల్సాస్‌లోని క్లింగెన్‌తాల్. మంచి అలుగుల కోసం జర్మనీలోని సోలింగెన్ మీద ఆధారపడే బాధ తప్పించుకోవడానికి పదిహేనో లూయీ కాలంలో, 1730లో, అక్కడ కార్ఖానా పెట్టి సోలింగెన్ పనివాళ్లనే రప్పించారు. ప్రభుత్వం మారితే ముద్రలో మాటా మారేది: మొదట ‘రాచ కార్ఖానా’, విప్లవం తర్వాత ‘జాతీయ’, నెపోలియన్ కింద ‘సామ్రాజ్య’, పాత రాజవంశం బూర్బన్లు తిరిగొచ్చాక మళ్లీ ‘రాచ’. పంతొమ్మిదో శతాబ్ది తొలినాళ్ల అలుగుల వెన్ను మీద, పిడికి దగ్గరగా, కార్ఖానా పేరూ నెలా ఏడాదీ సన్నటి గొలుసురాతలో కనిపిస్తాయి. పక్కనే తనిఖీదారులు కొట్టిన బుల్లి ముద్రలు. 1814లో మళ్లీ నిలబెట్టిన అంగరక్షక దళం కత్తి పిడి మీద మూడు లిల్లీ పూల రాజచిహ్నం ఉంటుంది.

ఇక్కడ చిక్కంతా పిడి మార్పిడిలో ఉంది. ఐరోపా అలుగును ఊడదీసి, దేశవాళీ పిడిలోకి దించి లక్కతో బిగిస్తే అది ఫిరంగీ కత్తి. పిడి నుంచి అలుగు మీదికి సాగే ఇనుప రేకుల కిందే అసలు ముద్ర దాగిపోవచ్చు. పైగా మన కమ్మరులు తమ సొంత అలుగుల మీదా విదేశీ గుర్తులు కొట్టేవారు. ఇటలీ నుంచి వచ్చిన, అంచున పళ్లున్న నెలవంకల జంట గుర్తు వారికి బాగా నచ్చింది. ఐరోపా అలుగులు వాడింది ఉక్కుకు కరువై కాదు. నిజామాబాదు వైపు కోనసముద్రం ఉక్కు ముద్దల్ని పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఐరోపా అలుగుకు గిరాకీ దాని పొడుగు, తిన్నదనం, వంగినా విరగని గుణం వల్ల.

కాబట్టి ముద్ర చెప్పేది అలుగు ఎక్కడిదన్న మాట వరకే. అదైనా నకలు కాకపోతేనే. ఎవరు పట్టుకున్నారో దాన్నిబట్టి తేలదు. లిల్లీ పూల పిడికి 1830 తర్వాతి తేదీ ఉన్న అలుగు బిగించి ఉంటే, ఆ రెండూ ఒకే కత్తివి కావని అనుమానించాల్సిందే. బూర్బన్ల ఏలుబడితోపాటు అంగరక్షక దళమూ ఆ ఏడాదే రద్దయింది.