పదిమందికి ఒక మనిషి

కాలిఫోర్నియా రాష్ట్రం శాంటా క్లారాలో మాంటేగ్ ఎక్స్‌ప్రెస్‌వే దగ్గర ఒరాకిల్ ఆవరణ ఉంది. దానికి ముందు అది సన్ మైక్రోసిస్టమ్స్. మన తెలుగు ఇంజనీర్లు ఎంతోమంది ఏళ్ల తరబడి అక్కడ పనిచేశారు. ఆ గడియారపు భవనం, ఖర్జూర చెట్లు, వాటి మధ్య పచ్చిక ఒకప్పుడు ఆగ్న్యూస్ పిచ్చాసుపత్రివని వాళ్లలో ఎందరికి తెలుసో మరి. 1885లో పెట్టిన ఆసుపత్రి అది. 1906 భూకంపానికి ఇటుక భవనం కూలిపోయి, రోగులూ సిబ్బందీ కలిసి వందమందికి పైగా చనిపోయారు. మళ్లీ కట్టినప్పుడు ఒకటే పెద్ద భవనంగా కాకుండా, విడివిడి ఇళ్లుగా కట్టారు.

నేను నర్సుని. చదువుకునే రోజుల్లో హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రి వార్డుల్లో నేర్చుకున్నాను, తర్వాత బే ఏరియాలో ఒక కౌంటీ మానసిక వైద్య బృందంలో పనిచేసి రిటైరయ్యాను. ఆగ్న్యూస్ పేరెత్తితే అందరూ గోడల గురించీ, తాళాల గురించీ మాట్లాడతారు. నాకు గుర్తొచ్చేది అక్కడ పనిచేసినవాళ్లు. ఆ చోటు మంచిదని నేననను. కానీ రాత్రి రెండింటికి ఒక రోగి లేచి అరిస్తే, లేచి వెళ్లడానికి జీతం తీసుకునే మనిషి ఒకరుండేవారు.

1950ల చివర కాలిఫోర్నియా రాష్ట్ర ఆసుపత్రుల్లో 37 వేల మందికి పైగా మానసిక రోగులుండేవారు. మందులొచ్చాయి, ఆలోచనలు మారాయి. 1963లో కెనెడీ ఊరూరా మానసిక ఆరోగ్య కేంద్రాలు కడతామంటూ చట్టం మీద సంతకం చేశాడు. అనుకున్న కేంద్రాల్లో చాలా భాగం లేవనేలేదు. 1967లో గవర్నర్ రీగన్ సంతకంతో లాంటర్మన్, పెట్రిస్, షార్ట్ అనే ముగ్గురు సభ్యుల చట్టం వచ్చింది. ఆనాటి చట్టం ప్రకారం ఒక మనిషిని బలవంతంగా ఆసుపత్రిలో ఉంచాలంటే అతను తనకో ఇతరులకో ప్రమాదకారి కావాలి, లేదా తిండి, బట్ట, నీడ కూడా చూసుకోలేని స్థితిలో ఉండాలి. అదీ మొదట 72 గంటలే. ఆ హక్కులు అవసరమే, నేను వాటి పక్షాన్నే నిలబడతాను. నా బాధ వేరు. రోగి బయటికొచ్చాడు, అతన్ని చూసుకునే మనిషి మాత్రం అతని వెంట రాలేదు. 1972లో ఆగ్న్యూస్‌లో మానసిక రోగుల వార్డులు మూసేశాక, చాలామంది శాన్ హోసే డౌన్‌టౌన్లో, యూనివర్సిటీ చుట్టుపక్కల పాత ఇళ్లలో చేరారు. అక్కడ వాళ్లకు దొరికింది మంచం, భోజనం.

సరిగ్గా ఆ రోజుల్లోనే విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో ఇంకో దారి తెరుచుకుంది. మెండోటా ఆసుపత్రి డాక్టర్లు ఆర్నాల్డ్ మార్క్స్, లెనార్డ్ స్టైన్, వాళ్లతో పనిచేసే మేరీ ఆన్ టెస్ట్‌లను ఒకటే ప్రశ్న వేధించింది: వార్డులో బాగుపడి ఇంటికెళ్లినవాడు కొన్నాళ్లకే ఎందుకు తిరిగొస్తున్నాడు? బార్బ్ లాంట్జ్ అనే ఉద్యోగిని చూసుకున్న రోగులు మాత్రం అలా తిరిగి రావడం లేదని గమనించారు. ఆమె వాళ్లను బస్సెక్కించేది, లాండ్రీ మిషను వాడటం చూపించేది, ఇంటికి ఫోను చేసి బాగోగులు కనుక్కునేది. అందుకని 1972లో వార్డు సిబ్బందే మూటాముల్లె సర్దుకుని ఊళ్లోకి మకాం మార్చారు. డాక్టరు, నర్సు, సోషల్ వర్కరు ఒకే జట్టుగా పగలూ రాత్రీ రోగి ఉన్నచోటికే వెళ్లేవారు. స్టైన్, టెస్ట్ 1980లో ఫలితాలు ప్రచురించారు. ఈ పద్ధతిని అసర్టివ్ కమ్యూనిటీ ట్రీట్‌మెంట్ అంటారు, మేము ఏసీటీ అనేవాళ్లం. దాని గుండెకాయ ఒక లెక్క: పదిమంది రోగులకు ఒక మనిషి.

కాలిఫోర్నియా చట్టంలోకి ఆ లెక్క ఎక్కడానికి ఒక ఆడపిల్ల ప్రాణం పోవలసి వచ్చింది. 2001 జనవరి 10న ఈ రాష్ట్రంలోనే ఉన్న నెవాడా కౌంటీ మానసిక వైద్యశాలలో, వైద్యానికి ఒప్పుకోని ఒక రోగి కాల్పులు జరిపాడు. ఆ రోజు ముగ్గురు చనిపోయారు. వాళ్లలో లారా విల్‌కాక్స్‌కు 19 ఏళ్లు. కాలేజీ సెలవుల్లో వచ్చి ముందు గదిలో డెస్కు దగ్గర పనిచేస్తోంది. కాల్చినవాడి గురించి అతని ఇంట్లోవాళ్లు ముందే మొరపెట్టుకున్నారు. 2002లో లారా చట్టం వచ్చింది: జడ్జి ముందు పెట్టి, ఆసుపత్రి బయటే వైద్యం చేయించే ఏర్పాటు. అందులో సిబ్బందిలో ఒక్కొక్కరి కింద పదిమంది రోగులకు మించి ఉండరాదని స్పష్టంగా రాశారు. డబ్బు మాత్రం ఇవ్వలేదు. అమలు చేయడమూ మానడమూ అప్పట్లో కౌంటీ ఇష్టానికి వదిలేశారు. నెవాడా కౌంటీయే 2008లో గాని మొదలుపెట్టలేకపోయింది. మిగతావాటిలో చాలా కౌంటీలు 2013లో, కోటీశ్వరుల పన్నుతో వచ్చే మానసిక ఆరోగ్య నిధిని దీనికి వాడొచ్చని తేల్చాకే కదిలాయి.

2022 సెప్టెంబరులో గవర్నర్ న్యూసమ్ కేర్ చట్టం మీద సంతకం పెట్టాడు. 2023 అక్టోబరులో ఏడు కౌంటీలు, ఆ డిసెంబరులో లాస్ ఏంజలెస్, 2024 డిసెంబరుకల్లా మిగతావన్నీ మొదలుపెట్టాయి. స్కిజోఫ్రీనియా వంటి జబ్బుతో వైద్యం లేక తిరుగుతున్న మనిషి కోసం తల్లో, తండ్రో, ఇంట్లో కలిసి ఉండేవాళ్లో కోర్టుకు అర్జీ పెట్టవచ్చు. ఫీజు లేదు. ఆ మనిషికి ప్రభుత్వ ఖర్చుతో లాయరునిస్తారు. బలవంతంగా మందు ఎక్కించరు, జైల్లో పెట్టరు. ఏడు నుంచి 12 వేల మందికి పనికొస్తుందని రాష్ట్రం అంచనా వేసింది. వచ్చిన అర్జీలు దానికి చాలా దూరంలో ఉన్నాయి.

జడ్జి ఆ మనిషి పేరు పిలవడానికి ముందు ఎవరో ఒకరు అతన్ని వెతికి పట్టుకోవాలి. అర్జీలో చాలాసార్లు చిరునామా ఉండదు. కొయోటీ క్రీక్ ఒడ్డున, వంతెన కింద, నీలం టార్పాలిన్ అని ఉంటుంది. మా బృందంలో నర్సు, కేసు మేనేజరు, ఒకప్పుడు తనే ఆ జబ్బుతో వీధిన పడి కోలుకున్న తోటి కార్యకర్త కలిసి వెళ్లేవాళ్లం. మొదటిసారి వెళ్లినప్పుడు మందు మాటెత్తేవాళ్లం కాదు. సాక్సులు, మంచినీళ్లు ఇచ్చి వచ్చేసేవాళ్లం. అతను పేరు చెప్పాక, బూట్ల సైజు చెప్పాక, పన్ను నొప్పి చెప్పాక, ఎప్పటికో నెలకొకసారి వేసే సూది మందు దగ్గరకొచ్చేవాళ్లం. ఈలోగా బృందంలో ఒకరు ఉద్యోగం మానేస్తే మళ్లీ పేరు దగ్గర్నుంచి మొదలు. కొత్త మొహాన్ని అతనెందుకు నమ్మాలి? అందుకే ఖాళీ పోస్టు అన్న మాట నాకు ఆఫీసు లెక్కలా వినపడదు. బే ఏరియాలో అద్దెలు కట్టలేక ఎంత మంచి కేసు మేనేజర్లు దూరప్రాంతాలకు వెళ్లిపోయారో కళ్లారా చూశాను. పదిమందికి ఒకరన్న లెక్క ఇరవైకి, ముప్ఫైకి పాకితే అది ఫోన్లు చేసే ఉద్యోగమే అవుతుంది, వెళ్లి కూర్చునే ఉద్యోగం కాదు.

మన తెలుగు ఇళ్లలోనూ ఈ జబ్బు ఉంది. నరాల బలహీనత అని చెప్పి, తలుపులు వేసుకుని, ఏడాదికి పైగా దాచిన తల్లిదండ్రులు నాకు తెలుసు. అర్జీ పెట్టే దారి ఉందని వాళ్లకు చెప్పండి. కోర్టులోనే ఫారం నింపడానికి సాయం చేసే విభాగం ఉంటుంది, సిగ్గుపడనక్కర్లేదు. ఇంకో మాట. మీ అమ్మాయో అబ్బాయో సోషల్ వర్కు చదువుతానంటే, మానసిక వైద్య నర్సింగుకి వెళ్తానంటే, కంప్యూటర్లు వదిలేసి ఇదేం చదువని అనకండి. కౌంటీల్లో ఆ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. వెళ్లనివ్వండి.